డైటీషియన్ చెప్పినా బరువు తగ్గకుండా ఉండడం ఎలా?

బరువు తగ్గడానికి చిట్కాలు చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. తగ్గకుండా ఉండడం ఎలాగో పద్ధతిగా చెప్పేవాళ్ళకే కరువు. అందుకే ఈ నాలుగు ముక్కలు. వీటిని శ్రద్ధగా పాటిస్తే ఊళ్ళో ఏఎన్ఎం కాదు, పెద్దాసుపత్రి డైటీషియన్ కాదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొత్తం మీ గుమ్మంలో బైఠాయించినా ఇంట్లో ఒక్క కిలో కదలదు. పూచీ నాది.

ముందు ఆశా కార్యకర్త సంగతి చూద్దాం. 30 ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గర కూర్చుని ఫారం నింపుతుంది, నడుముకి టేపు చుడుతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలని ఆమెకి నేర్పారు. అలా కొలవనిచ్చారో, మగవాళ్ళు 90, ఆడవాళ్ళు 80 సెంటీమీటర్ల దగ్గర దొరికిపోతారు. కాబట్టి పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగపట్టి, "రాసుకోమ్మా తొందరగా" అనండి. "పెళ్ళినాటి నుంచీ నా ప్యాంటు 34 అంగుళాలే" అని కూడా చెప్పండి. ఆ ప్యాంటు ఇప్పుడు బొజ్జ కిందికి జారి నిలబడుతోందన్న మాట ఆమెకి చెప్పనక్కర్లేదు.

ఎత్తుకి తగ్గ బరువు లెక్క తీస్తే విదేశీ పట్టికే కావాలని పట్టుబట్టండి. మనవాళ్ళకి తక్కువ బరువుకే సుగరు వస్తోందని మన డాక్టర్లు గీత కిందికి దించారు. 160 సెంటీమీటర్ల మనిషి 59 కిలోలు చేరితే అధిక బరువు, 64 చేరితే ఊబకాయం అంటారు. అదే విదేశీ పట్టికలో ఊబకాయం అనిపించుకోవాలంటే 77 దాకా రావాలి. పదమూడు కిలోలు కూర్చున్నచోటే కలిసొస్తుంటే వదులుకుంటామా? అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర ఆడవాళ్ళలో 36 శాతం మంది అధిక బరువువాళ్ళేనని తేలింది. ఇంతమంది తోడుండగా మనకేం భయం?

తప్పించుకోలేక డైటీషియన్ ముందు కూర్చున్నారనుకోండి. "నిన్న పొద్దున్నుంచీ ఏం తిన్నారో చెప్పండి" అంటుంది. "రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి రెండు పుల్కాలు" అని గబగబా ఒప్పజెప్పండి. ఇడ్లీ మీద నెయ్యి, గిన్నెడు పల్లీ చట్నీ, కాఫీలో రెండు చెంచాల చక్కెర, సాయంత్రం పకోడీ పొట్లం తిండి కిందికి రావు. నిలబడి తిన్నది అసలే రాదు. "కొంచెం అన్నం" అంటే ఎంత అని ఆవిడ గిన్నె చూపించి అడిగితే చిన్న గిన్నె మీద వేలు పెట్టండి.

నూనె దగ్గర మాత్రం మహా జాగ్రత్త. తెలివైన డైటీషియన్ కూరలో ఎంత పోస్తారని అడగదు, నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటారని అడుగుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు అన్నారా, అక్కడికక్కడే లెక్క కట్టేస్తుంది: మనిషికి రోజుకి దాదాపు 38 గ్రాములు. పోషకాహార సంస్థ వేసిన 2000 కేలరీల పళ్ళెంలో నూనె, కొవ్వులు అన్నీ కలిపి 27 గ్రాములే. ఇంత చిక్కు ఎందుకు? "సరుకులు మా ఆయనే తెస్తాడండీ, నాకు తెలీదు" అనేయండి. ఆయన వస్తే, "వంట సంగతి మా ఆవిడకే తెలుసు" అంటాడు. ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టి అడిగే తీరిక ఆసుపత్రిలో ఎవరికీ ఉండదు, నిశ్చింతగా ఉండండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా. డైట్ ఇంట్లో ఒక్కరికే పెట్టండి. ఆ ఒక్కరూ అమ్మ అయితే మరీ మంచిది. ఆవిడకి ఓ మూల పొయ్యి మీద కొర్రలు, మిగతావాళ్ళకి అన్నం, వేపుడు, ఆదివారం బిర్యానీ. అన్నీ ఆవిడ చేత్తోనే వండించండి. ఉప్పు, కారం సరిపోయిందో లేదో రుచి చూడాలిగా! అందరూ తిని లేచాక చంటాడు కంచంలో వదిలేసిన నెయ్యి ముద్ద, అత్తగారు వద్దన్న రెండు గారెలు, గిన్నె అడుగున మిగిలిన పులిహోర ఆవిడ ముందు పెట్టండి. పారేస్తే అన్నపూర్ణకి కోపం. సింకు దగ్గర నిలబడి ఆవిడ నోట్లో వేసుకునేవి ఏ డైరీలోనూ ఎక్కవు. నెల తిరిగేసరికి ముల్లు కదలకపోతే, "డాక్టరు దగ్గరికెళ్ళి ఏం లాభం, నీకు నోరు కట్టుకోవడం చేతకాదు" అని అందరూ కలిసి అనండి. పండక్కి వచ్చిన చుట్టాల ముందు అంటే ఇంకా బాగా పనిచేస్తుంది. మనసు కష్టపెట్టుకున్న మనిషి రాత్రి డబ్బా మూత తీయడం మామూలే.

నడక విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. పార్కులో రెండు చుట్లు తిరిగి, గేటు బయట బండి దగ్గర నలుగురితో కలిసి మైసూర్ బజ్జీ తినండి. నడిచారు కాబట్టి అది తిన్న లెక్క కాదు.

పిల్లల జోలికి డైటీషియన్‌ని రానివ్వకండి. మన పిల్లాడు బొద్దుగా ఉంటే అది పుష్టి, పక్కింటి పిల్లాడు అలా ఉంటే అది ఊబకాయం. వాడికి ఫోను చూపిస్తూ తినిపించండి, కడుపు నిండిందో లేదో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. కంచం ఖాళీ అయిందంటే చాలు.

ఇంత చేసినా డైటీషియన్ చెప్పినవి చేయాలనిపిస్తే, దారి తప్పించడానికి యూట్యూబు ఉండనే ఉంది. సోమవారం కొబ్బరినూనె, నిమ్మకాయలు. బుధవారం ఉప్పూ నూనే లేని కూరలు. శుక్రవారం అంబలి. ఒక్కోదాన్నీ విడిగా పాటిస్తే ఏమవుతుందోగానీ, మూడూ కలిపితే ఆదివారానికి కడుపు మాడి బిర్యానీ మీద పడతారు. సుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా అన్నం మొత్తం మానేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఈ ఒక్క ముక్క మాత్రం నిజంగానే చెబుతున్నా, అది చేయకండి.

చివరిగా, డైటీషియన్లు మెల్లిగా ఒక ఆశ పెడతారు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా సుగరు, బీపీ మెరుగుపడడం మొదలవుతుందని. నాలుగు కిలోలా! అది కూడా ఒక తగ్గడమేనా? నెలకి పది అన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఇంకా సందేహాలుంటే నన్నే అడగండి, ఆవిణ్ణి మాత్రం అడక్కండి. ఈసారి వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు రమ్మంటుంది.