దించుడు బాబాయి

మంగళగిరిలో ఇలాంటి బాబాయి వీధికొకడు ఉంటాడు. వయసు అరవై దాటి ఉంటుంది. ఇంటిముందు పాత టాటా 207 ఉంటుంది. ఒకప్పుడు నూలు బేళ్లూ చీరల మూటలూ మోసిన బండి; ఇప్పుడు బాబాయి పరువు మోస్తోంది. క్లచ్ తొక్కితే గుర్రుమంటుంది, వదిలితే ఊరుకుంటుంది.

"రిలీజ్ బేరింగు పోయింది. గేర్‌బాక్సు దించాలి" అంటాడు బాబాయి, పెళ్లి ముహూర్తం చెప్పినంత సంబరంగా.

కృష్ణ దాటితే విజయవాడ ఆటోనగర్. లారీల గేర్‌బాక్సులు దించడం, ఎక్కించడం 1960ల నుంచీ అక్కడ నిత్యకృత్యం. అక్కడి కుర్రాడు భోజనం వేళకి దించి చేతులు కడుక్కుంటాడు. బాబాయికి గిట్టనిది సరిగ్గా అదే. "అంత తొందరగా దించాడంటే ఏదో చూడకుండా వదిలేశాడన్నమాటే!"

కూలి మిగుల్చుకోడానికేమో అనుకునేరు. ఆ కూలి మిగలడానికి కొత్త జాకీ, నాలుగు ఇనుప స్టాండ్లు, బారెడు ఎక్స్‌టెన్షన్ రాడ్డు కొన్నాడు. "జీవితాంతం పడుంటాయి" అంటాడు, పిన్ని వైపు చూడకుండా. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వట్టి జాకీని నమ్మి బండి కింద దూరే రకం కాదు.

ఆదివారం పొద్దున్నే జనం చేరాక గానీ మొదటి బోల్టు కదలదు. బ్యాటరీ తీగ తప్పించి, క్యాబిన్లో గేరు రాడ్డు ఊడదీసి, కిందకి దూరతాడు. ఇక కాళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఉపన్యాసం మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. నల్లటి గేరాయిలు పిన్ని వడియాల పిండి కలిపే బేసిన్లోకి దిగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేముందు రెండు అంచుల మీదా మనవరాలి గోళ్లరంగుతో గుర్తు పెడతాడు. ఎలా ఉన్నది అలాగే బిగించకపోతే బండి వణుకుతుందట. ఆ మాట నిజమే.

అసలు కథ పైనున్న రెండు బోల్టుల దగ్గర. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య, చెయ్యి పట్టదు, కన్ను ఆనదు.

"ఒరేయ్ అబ్బాయ్, పదిహేడు రింగు పానా!"

"ఇదా బాబాయ్?"

"అది పధ్నాలుగురా! కళ్లున్నాయా?"

పానా జారి మణికట్టు గీసుకుంటే, తిట్లు కంపెనీ వాడికి పడతాయి. తర్వాత ఇంట్లోవాళ్లకి: "మా తాత మగ్గం గుంట పూడ్చి గ్రానైటు పరిపించారు! అదే ఉంటే, కాస్త తవ్వించుకుని హాయిగా నిలబడి విప్పేవాణ్ణి." ఎవరైనా ఆటోనగర్ పేరెత్తారా, వేలు గాలిగోపురం వైపు లేస్తుంది. "1807లో మొదలెట్టి 1809కల్లా 11 అంతస్తులు లేపించాడు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. క్రేనుందా? నేనీ డబ్బా దించలేనూ?"

దించే క్షణంలో మాత్రం బాబాయి గొంతు మారుతుంది. "సూటిగా వెనక్కి లాగండి! వాల్చొద్దు! బరువంతా షాఫ్టు మీద పడితే క్లచ్ ప్లేటు పాడవుతుంది." నలుగురూ ఊపిరి బిగబట్టి లాగుతారు. నేల మీదికి దిగుతుంది. బాబాయి దానిమీదే కూర్చుని టీ తాగుతాడు. ఫొటో తీసేదాకా లేవడు.

దించే రోజు ఇరవై మంది. ఎక్కించే రోజు బాబాయీ, జాకీ. కొత్త బేరింగు వేసి, పాత షాఫ్టు ముక్క దూర్చి క్లచ్ ప్లేటుని నడిమధ్యకి తెచ్చి బిగించేసరికి ఆ పాఠం వినడానికి కుక్క కూడా ఉండదు. చివరికి పక్క రంధ్రంలోంచి 90 నంబరు ఆయిలు. గేర్‌బాక్సుది అచ్చం మన పానకాల స్వామి పద్ధతే. కావలసినంత పుచ్చుకుని మిగతాది వెనక్కి ఇచ్చేస్తుంది. ఆయిలు బయటికి కారగానే బాబాయి దణ్ణం పెట్టి బిరడా బిగిస్తాడు.

బండి స్టార్టయింది. క్లచ్ తొక్కితే కిక్కురుమనలేదు. బాబాయి మొహంలో వెలుగు లేదు. హైవే దాకా వెళ్లొచ్చి, బానెట్ మీద చెవి ఆనించి అన్నాడు:

"నాలుగో గేర్లో సన్నగా ఏదో ఏడుస్తోంది. మీకెవరికీ వినపడదులే."

పిన్ని బేసిన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.