విమోచని: ఒక బావమరిది వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మిషిగన్‌లో విల్లువేట ఏటా అక్టోబరు 1న మొదలవుతుంది. మా బావమరిది ఇంట్లో అంతకు పక్షం ముందే మొదలవుతుంది. అతగాడు పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి ధనుర్వేదం. మేం చూడబోయిన ఏడు, పప్పుచారు కలుపుకుంటూ, కళ్లు అరమోడ్చి సెలవిచ్చిన వాక్యమే ఈ వ్యాఖ్యకు మూలం. అతని భార్య అప్పటికే చాలాసార్లు విన్నది గనుక మజ్జిగ వంకన వంటింట్లోకి వెళ్లిపోయింది. శ్రోతను నేనొక్కణ్నే.

మూలం

"బావగారూ! రిస్టు రిలీజు పిల్లలాట. థంబు పట్టినవాడే వేటగాడు."

టీక

బావగారూ: సుగమం. పిల్లలాట: సుగమం. వేటగాడు: 1979లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా కాదు, మిగతాది తాత్పర్యంలో తేలుతుంది. పట్టినవాడే: ఇక్కడి ఏవకారం గమనించదగ్గది. ఈ ఒక్క 'ఏ'తో మణికట్టుకు పట్టీ కట్టుకునే వాళ్లందర్నీ, వాళ్లలో తనకు విల్లు పట్టడం నేర్పిన పక్కింటి ముసలాయన్ని కూడా, కొట్టిపారేశాడు.

రిలీజు: తెలుగువాడికి రిలీజంటే శుక్రవారం. ఇక్కడ అది కాదు. 1969లో మిస్సోరీ వాసి హాలెస్ విల్బర్ ఆలెన్ పేటెంటు పొందిన కప్పీల విల్లు ఒకటుంది. కాంపౌండ్ బో అంటారు. పూర్తిగా లాగేసరికి కప్పీలు తిరిగి బరువు చాలామటుకు తామే మోస్తాయి. 70 పౌండ్ల విల్లు 80 శాతం తేలికైతే చేతికి మిగిలేది 14 పౌండ్లే. పొట్టి విల్లు గనుక లాగినప్పుడు నారి కోసుగా వంగి వేళ్లను నొక్కేస్తుంది. వేళ్లతో వదిలితే పక్కకు ఒరుసుకుంటూ పోతుంది. అందుకని బాణం మడమ దగ్గర నారికి చిన్న తాడు ఉచ్చు కట్టి, దానికి కొక్కెం తగిలించి, మీట నొక్కి వదులుతారు. ఆ కొక్కెమే రిలీజు.

రిస్టు: కొక్కేన్ని పట్టీతో మణికట్టుకు కట్టుకుంటే ఇది. భారం మణికట్టుది, మీట చూపుడువేలిది. చీకట్లో నిచ్చెనెక్కి చెట్టుమీద మంచెలో కూర్చునేవాడి చేతినుంచి ఊడిపడదు. దోషం: ఇనుము ఇనుముకు తగిలి ఖంగుమంటుంది, అడవంతా వింటుంది.

థంబు: పిడికిట్లో పట్టుకునేది, మీట బొటనవేలిది. పిడికిలి దవడ ఎముకకు కుదురుగా ఆనుతుంది. వీపు కండలు బిగించుకుంటూ పోతే బాణం తనంతట తానే వెళ్లినట్టు వెళ్తుందని ఆర్యోక్తి. దోషం: కారులో మరిచిపోవచ్చు, మంచె మీంచి జారవిడవచ్చు. మా బావమరిది ఒకే వారంలో రెండూ చేశాడు.

విశేషాంశం

వ్యాఖ్యాతల రాజు మల్లినాథసూరి, మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను.

బొటనవేలన్నాక ఏకలవ్యుణ్ని తలవకపోతే పాపం. నేటి ఒలింపిక్ విలుకాళ్లు చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లతో నారి లాగుతారు; బొటనవేలికి పనే లేదు. ఏకలవ్యుడు అలాగే లాగేవాడైతే ద్రోణుడు అడిగిన దక్షిణకు అర్థమేముంది? భారతం చెప్పేదేమంటే, వేలు ఇచ్చాక అతడు మిగతా వేళ్లతోనే బాణాలు వేశాడు, మునుపటి వేగం మాత్రం లేకపోయింది. అంటే మునుపు పని బొటనవేలిదే. 1885లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ లోకంలోని విలుకాళ్ల విడుపులన్నీ పోగేసి వర్గాలు కట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి బాణం మడమను చిటికెతో పట్టినట్టు పట్టడం ఒకటి. బొటనవేలినే నారికి కొక్కెంలా వేయడం మరొకటి. దానికి మంగోలు విడుపని పేరు. ఏకలవ్యుడిది ఈ రెండింట్లో ఏదో ఒకటై ఉండొచ్చు. నా పక్షపాతం రెండోదానికి. ఆ విడుపులో వేలు తెగకుండా ఉంగరం తొడుగుతారు. షాజహాను జేడ్ రాతి ఉంగరం, 1631-32 నాటిది, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

రామలక్ష్మణులకు వాల్మీకి కట్టించిన గోధాంగుళిత్రాణాలు చూడండి. గోధ అంటే నారి దెబ్బ తగలకుండా కట్టే తోలుపట్టీ. అంగుళిత్రాణం వేలితొడుగు. పట్టీ, వేలు: రిస్టూ థంబూ ఒకే సమాసంలో! పట్టీ విల్లు పట్టే చేతిదీ తొడుగు నారి లాగే చేతిదీ కదా అని పూర్వపక్షం. ఉండనీ. రాముడికి లేని పేచీ మా బావమరిదికెందుకన్నదే ప్రశ్న.

మూలాన్ని ఎక్కడో వదిలేశాం. వెనక్కి వెళ్దాం.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: చూపుడువేలు ఆత్రపు వేలు, మౌసు నొక్కి నొక్కి చెడింది, గురి కుదరకముందే మీట లాగేస్తుంది. దీన్ని విలుకాళ్లు టార్గెట్ పానిక్ అంటారు. సమాధానం: బొటనవేలు ఏం సన్యాసం పుచ్చుకుందా? పెరట్లో 20 గజాల అవతల ఫోము దిమ్మ పెట్టి, 240 డాలర్ల కొత్త థంబుతో అతగాడే నిరూపించాడు. వీపు బిగియలేదు, మోచెయ్యి కదల్లేదు. బొటనవేలు మాత్రం కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కింది. ఆ సాయంత్రం బాణాలు పదకొండు, ఉపన్యాసం గంటన్నర.

మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పట్టేదీ కప్పీల విల్లే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. కాంపౌండ్ పోటీల్లో గురి 50 మీటర్ల అవతల కాగితం. బాణం అటూ ఇటూ అయితే అంకె తగ్గుతుంది. కాగితం పొదల్లోకి పరుగెత్తదు.

తాత్పర్యం

వేట మొదలయ్యాక ఒక శనివారం పొద్దు వాలుతుండగా ఒక ఆడజింక వచ్చిందట. బాణం ఊపిరితిత్తులకు తగలాల్సింది, పొట్టలో తగిలింది. అలా తగిలిన జింక దగ్గర్లోనే పడుకుంటుంది, గంటల తరబడి దాని జోలికి పోకూడదు. ఈ సంగతి నాకు చెప్పింది అతగాడే, పప్పుచారు దగ్గర. అరగంట ఆగలేకపోయాడు. టార్చిలైట్లతో ఇద్దరం వెళ్లాం. మేపుల్ ఆకుమీద చిక్కటి చుక్క, నాలుగడుగులకు ఇంకోటి, గడ్డి అణిగిన చోటు, ఇంకా వెచ్చగా. మా అడుగుల చప్పుడుకే లేచిపోయింది. రాత్రి పదకొండుదాకా వెతికాం. దొరకలేదు.

కారెక్కి హీటరు వేసుకుని అన్నాడు: "థంబు మోసం చేసింది బావగారూ. ఈసారి హింజి కొంటాను." హింజి అంటే మీటే లేనిది, పిడికిలి కాస్త తిరిగేసరికి వదిలేసేది. గట్టిగా తిడదామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట: "హింజి అన్నావు గనుక, దానికి సంస్కృతంలో..."

నా బూటు అంచున నెత్తురు కనిపించింది. ఇంటిదాకా ఇద్దరం మాట్లాడలేదు.

ఇతి విమోచన్యాం ప్రథమోల్లాసః.