కొల్లేరమ్మా, ఓ రెండడుగులు కిందికి దిగు!

బెజవాడ నుంచి వచ్చి పామర్రు సెంటర్లో బందరు వైపు పోకుండా ఎడమకు తిరిగితే 165వ నంబరు జాతీయ రహదారి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు మీదుగా భీమవరం దారి పడుతుంది. ముదినేపల్లి దాటాక రెండు పక్కలా నీళ్లే నీళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు కొల్లేరు వచ్చేసిందనుకుని ఫోన్లు బయటికి తీస్తారు. రాలేదండీ, అవి చేపల చెరువులు. గట్ల మీద మేత బస్తాలు, నీళ్ల మీద పక్షులు వాలకుండా అడ్డంగా లాగిన తాళ్లు, ఎదురుగా ఐసు నీళ్లు కార్చుకుంటూ ఈశాన్య రాష్ట్రాలకు బయల్దేరిన బొచ్చె, శీలావతి లారీలు. పక్షుల్ని చూడటానికి పోయే దారి పొడుగునా పక్షుల్ని తోలే ఏర్పాట్లు చేసుకున్న ఘనత మనదే. వన్యప్రాణుల భవిష్యత్తు ఎలా ఉంటుందని పెద్ద పెద్ద సదస్సుల్లో తలలు బాదుకునే శాస్త్రవేత్తల్ని ఒక్కసారి ఈ రోడ్డెక్కించాలి. యాభై ఏళ్ల తర్వాతి సంగతి ఇక్కడ ఇప్పుడే కనపడుతుంది, టిక్కెట్టు కూడా లేదు.

మన అడవి జంతువుల విధానం మహా సింపుల్. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం తలపెట్టాం. నాగాయలంక మడ అడవుల్లో బావురుపిల్లి ఉందంటే బోర్డు పెట్టాం. గూడబాతులకు గూళ్లు కట్టుకోను చెట్లు చాలకపోతే ఆటపాకలో నీళ్ల మధ్య ఇనుప స్టాండ్లు పాతాం. పాపం అవి మారు మాట్లాడకుండా వాటి మీదే పిల్లల్ని చేసుకుంటున్నాయి. ఇక కొల్లేరు మాటకొస్తే, దాని సమస్యకు మనం కనిపెట్టిన మందు ఇంకా గొప్పది. సరస్సును కాస్త కిందికి దిగమన్నాం.

ఎలాగంటే, 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అంటే అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోకీ ఎక్కింది. అప్పటికే లోపల జరిగిపోయింది వేరు. 2001 ఫిబ్రవరిలో ఉపగ్రహం తీసిన ఫొటోల్లో 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే. లెక్కపెడితే 1,050 తేలాయి. 2006లో ప్రొక్లెయినర్లు దిగి గట్లు కొట్టాయి. రెండేళ్లు తిరక్కుండా, 2008లో, మూడో కాంటూరు చాలునని శాసనసభ తీర్మానం చేసింది. అయిదులోంచి రెండు తీసేస్తే మూడు, అంతేగా! అంతే కాదు. ఈ నేల అరచేయంత చదును గనుక ఆ రెండడుగులతో 308 కాస్తా 135 అవుతుంది. సగానికి పైగా అభయారణ్యం కలం పోటుతో మాయం. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదరదు పొమ్మంది. అయినా సర్కార్లు మారాయి గానీ ఆ కోరిక మారలేదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ కూడి 2030 కల్లా భూమిలో 30 శాతాన్ని ప్రకృతికి కాపాడాలని ఒప్పుకున్నాయి. వాళ్లింకా కూడికలు నేర్చుకుంటున్నారు. మనం తీసివేతలు ఎప్పుడో పూర్తి చేశాం.

మనుషులు ముఖ్యమా, కొంగలు ముఖ్యమా అని ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. న్యాయమైన ప్రశ్నే, వెటకారంతో దాటవేయకూడదు. 1970ల్లో సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది సర్కారే. మావులు వేసుకుని, దోనెల మీద తిరిగి కొర్రమేను, జెల్ల, బొమ్మిడాయి పట్టుకునే లంక జనానికి, ఇక మీదట మీ బతుకు చెరువేనని చెప్పిందీ అదే. ఆ తర్వాత అదే సర్కారు గట్లు కొట్టి, బతుకుదెరువు మాట గాలికొదిలేసింది. ఆ తప్పు లంకవాళ్లది కాదు. కానీ మూడో కాంటూరు కావాలని గొంతు చించుకునేది ఎవరో చూడండి. కాగితం మీద వాటా మత్స్యకారుడిది, లీజు మాత్రం ఊళ్లో కనపడని పెట్టుబడిదారుది. ధర్నాలో ముందు వరసలో వలవాడు కూర్చుంటాడు, చేపలు పట్టిన రోజు కాటా దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. ప్రత్యామ్నాయం, పరిహారం ముందు వరసవాడికి ఇవ్వాల్సిందే, అదీ బాకీతో సహా. దాన్ని సాకుగా చూపించి కాటా దగ్గరవాడికి సరస్సు రాసివ్వడం పేదల పక్షం ఎలా అవుతుంది? ఎగుమతుల డాలర్లు పోతాయనే బెంగ కూడా అక్కర్లేదు. కాంటూరుకు బయట డెల్టా నిండా చెరువులున్నాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లడం లేదు.

అసలు కొంగలకు, మనుషులకు ఇక్కడ తగాదా ఉందన్నదే కట్టుకథ. పక్షికి వదిలిన చోటూ వరదకు వదిలిన చోటూ ఒక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి కొల్లేట్లోనే పడాలి. బయటికి పోవడానికున్నది ఒక్క ఉప్పుటేరు, అదీ పూడుకుపోయి. వానల్లో వచ్చే నీరు ఎక్కువ, పోయే దారి ఇరుకు కాబట్టి మధ్యలో ఆగడానికి జాగా కావాలి. ఆ జాగా పేరే కొల్లేరు. మూడో కాంటూరుకూ అయిదో కాంటూరుకూ మధ్య ఉన్న 173 చదరపు కిలోమీటర్ల మీద సగటున ఒక్క అడుగు నీళ్లు నిలిచాయనుకోండి, దాదాపు 1.86 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ మొత్తం నిల్వే 3.07 టీఎంసీలు. అంటే సగం బ్యారేజీకి మించిన నీళ్లను ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటున్నాం, ఎక్కడికో చెప్పకుండా.

2024 సెప్టెంబరులో బెజవాడ మునిగింది కొల్లేరు వల్ల కాదుగా అంటారు. నిజమే, పైన బుడమేరు డైవర్షన్ కాలువ గట్లు తెగడం వల్ల. అయితే సింగ్‌నగర్ మేడల మీద పాలపాకెట్ల కోసం ఎదురుచూసిన జనానికి అర్థమైన సూత్రం కింద కొల్లేటికీ వర్తిస్తుంది. ఏరు తన జాగాను రిజిస్ట్రారాఫీసుకు వెళ్లి అడగదు. పైగా ఇప్పుడు నీరు రెండో వైపు నుంచి, అంటే సముద్రం నుంచి కూడా వస్తోంది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐపీసీసీ లెక్క కట్టింది. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు వెనక్కి ఎగదన్నడం కైకలూరులో కొత్త కబురేం కాదు. సముద్రం పైకి ఎక్కుతుంటే మనం కాంటూరును కిందికి దించమంటున్నాం. సముద్రాన్ని తోడి నేల చేసుకున్న నెదర్లాండ్స్‌వాళ్లే బుద్ధి తెచ్చుకుని, ఈ శతాబ్దంలో కరకట్టలు వెనక్కి జరిపి రైన్ నదికి జాగా వదిలారు. వాళ్లకు పక్షుల మీద ప్రేమ పొంగిపొర్లి కాదు, పీకల దాకా వచ్చాక.

కాబట్టి మూడో కాంటూరు తీర్మానం మళ్లీ సభకొస్తే వద్దనక్కర్లేదు. కింద ఒక్క వాక్యం చేర్చమని మీ ఎమ్మెల్యేని అడగండి: ఆ 1.86 టీఎంసీలను ఏ నియోజకవర్గంలో, ఏ వీధిలో నిలవబెడతారో పేరు రాసి సంతకం పెట్టమనండి.