పల్లెప్రియుడు

గుంటూరునుండి ఒంగోలునకు పోవు రహదారిమీద, చిలకలూరిపేట దాటిన పిమ్మట మార్టూరులో బస్సు దిగి, నల్లరేగడి చేల నడుమ డొంకదారిని నల్లకళ్ళజోడుతో నడచివచ్చు పెద్దమనిషి కనబడినచో, దారి తప్పినవాడని జాలిపడకుడు. అతడు ప్రశాంతతను వెదకికొనుచు వచ్చిన పల్లెప్రియుడు.

ఏడాదికొక్కసారి, అదియు మిరపకోతలు ముమ్మరముగా సాగుచున్నపుడే, మేనమామ యింటికి వేంచేయుట ఇతని యాచారము. రాగానే అరుగుమీద కూలబడి, గుండెలనిండ గాలి పీల్చి, "ఆహా! ఏం నిశ్శబ్దం మామయ్యా!" అని కేక వేయును. ఆ కేకకు చూరులోని పిచ్చుకలు లేచిపోవును. గాటనున్న ఒంగోలు గిత్త చెవులు నిక్కించును. పిదప సెల్లుఫోనుతో డాబామీది కెక్కి, పట్టణములోని మిత్రునితో, "వినపడుతోందా? ఇక్కడ ఏమీ వినపడదోయ్!" అని ముమ్మారు అరచును.

నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు వదలిరనియు, అంతటితో ఈ సీమ నందనవనమైనదనియు అతడు చదివియుండును. ఆయకట్టు చివరి చేలకు వంతు వచ్చిన రాత్రి మామయ్య పార భుజమున వేసికొని గట్టుమీద జాగారము చేయుట మాత్రము చదివియుండడు. విచ్చిన పత్తిని చూచి మంచు కురిసినట్లున్నదని మురియును. తీతకు కూలీలు దొరకక అది చెట్టుననే నిలిచినదని మామయ్య యనినచో, కవిత్వమునకు భంగము కలిగెనని నొచ్చుకొనును. పచ్చదనము కోరి వచ్చినవానికి మాఘమాసమున కల్లమునిండ కనబడునది ఎరుపు. తాలుకాయలు కలిసిన టిక్కీకి, అనగా మిరపబస్తాకు, గుంటూరు యార్డులో ధర తెగునని ఆడకూలీలు వంచిన తల యెత్తక కాయలేరుచుండగా, ఇతడును దోసెడు కాయలు తీసికొని, నలిపి, వాసన చూచి, తుమ్మి, తుమ్మినపుడు చెమర్చిన కన్నును అదే చేతితో నులిమికొనును. (కారపుచేయి కంటికి తగిలినవాని నృత్యమును నేనిందు వర్ణింపను, నాకును ఒకసారి అనుభవమే.)

"ముట్టుకోబాకయ్యా అంటే వింటివా అల్లుడూ!" అనుచు అత్తయ్య వెన్నముద్దతో పరుగున వచ్చును.

మరునాడు, ఎండుకారము, గోంగూరపచ్చడి, కందిపప్పు కట్టిన సంచుల నడుమ నిలిచి, ఈ శాంతిని విడిచిపోవుటకు మనసొప్పుటలేదని అతడు పలుకుచుండగనే, మామయ్య మోటారుసైకిలు వీధిలోనికి దీసియుండును. బస్సెక్కించి మామయ్య తిరిగివచ్చి నులకమంచముపై మేను వాల్చగా, గడపలో చేట పట్టుకొని కూర్చున్న అత్తయ్య చూరువైపు చూచి, మెల్లగా, "పిచ్చుకలు తిరిగొచ్చినై" అనును.