జీర్ణజిప్సీయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. సెకండ్ హ్యాండ్ జిప్సీ ఒకటి కొని అడవి దారులు పట్టదలచిన గృహస్థు ఒకాయన, బండికి మొదట ఏ అలంకారం చేయించాలో చెప్పమని మెకానిక్కును అడిగాడట. కప్పు మీద లైట్ల వరుసా, ముందర ఇనుప గార్డా, నడుమెత్తు టైర్లా అని ఆయన ఏకరువు పెడుతుంటే, మెకానిక్కు బండి కింద నుంచి తలైనా బయట పెట్టకుండా ఈ తేటగీతి చెప్పాడని షెడ్డు సంప్రదాయం తెలిసినవారు అంటారు.

మూలం.

గాలి దించుము చక్రాల గతుకు బాట
నూనె చూడుము హౌసింగు నోట ముందు
గ్రీజు పట్టించు కీళ్ళకు కినుక లేక
తాడు తోడును లేనిచో దారి విడుము

ప్రతిపదార్థం. గతుకు బాట = తారు లేని, లేదా ఉన్నా లేనట్టే ఉన్న దారిలో; చక్రాల గాలి = టైర్లలోని గాలిని; దించుము = తగ్గించుము (పూర్తిగా తీసేయమని కాదు); ముందు = అన్నిటికంటే ముందు; హౌసింగు నోట = ఇరుసు గుండుకున్న ప్లగ్గు రంధ్రంలో; నూనె చూడుము = వేలు పెట్టి చూడుము; కీళ్ళకు = తిరిగే, వంగే, ఊగే చోట్లన్నిటికీ; కినుక లేక = చొక్కా పాడైందన్న కోపం లేకుండా; గ్రీజు పట్టించు = గ్రీజు కొట్టుము; తాడు = లాగుడు తాడు; తోడును = వెంట మరో బండి; లేనిచో = లేకపోతే; దారి విడుము = ఇంటికి పొమ్ము.

తాత్పర్యం. స్పష్టం. అయినా వ్యాఖ్యాతలకూ జీవనం గడవాలి కనుక వివరించబడుతోంది.

కవి ఎవరో తెలియదు. కాలం విషయంలో మాత్రం పండితుల్లో వాదం ఉంది. బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపుల కూర్పు 1947లో మొదలుపెట్టారు కాబట్టి ‘హౌసింగు’ అనే మాట పడిన ఈ పద్యం అంతకు ముందుది కాజాలదని ఒక పక్షం. దించిన గాలిని అడవిలోనే మళ్ళీ ఎక్కించుకునే వీలు, అంటే బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరు, చేతికొచ్చాకే మొదటి పాదం పుట్టి ఉంటుందని రెండో పక్షం. ఈ వ్యాఖ్యాతకు రెండోదే సమ్మతం.

ఇక బండి సంగతి. మారుతి జిప్సీ 1985 చివర్లో, సుజుకీ ఎస్‌జె 410 ఆధారంగా వచ్చింది. మొదట 970 సీసీ ఇంజను. 1996లో ‘కింగ్’ పేరుతో 1.3 లీటర్ల ఇంజను. 2000లో ఎంపీఎఫ్ఐ ఇంధన పద్ధతి చేరి శక్తి 80 గుర్రాలకు పెరిగింది. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. సైన్యానికి ఆ తర్వాత కూడా వెళ్ళింది. ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాను కట్టలు, ఒక టన్నుకు అటూ ఇటూగా బరువు. బురదలో పెద్ద బండ్లు కడుపు దాకా కూరుకుపోయే చోట ఇది తేలిపోతుందంటే సగం పుణ్యం ఆ బరువుదే. ఈ సంగతి తెలియని యజమానులు ముందర ఇనుప గార్డు, పైన ఇనుప క్యారియరు, వెనక ఇనుప నిచ్చెన బిగించి ఆ పుణ్యాన్ని కిలోల లెక్కన ఖర్చు చేస్తారు.

‘గాలి దించుము’. రోడ్డు మీద ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది పాయింట్లుండే గాలిని ఇసుకలో, బురదలో పదహారు, పద్దెనిమిది దాకా తగ్గిస్తారు. అప్పుడు టైరు నేలను పట్టే జాగా పొడుగవుతుంది. బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది కనుక చక్రం దిగబడదు. రాయి తగిలినా టైరు దాని మీద వంగి ఒదుగుతుంది తప్ప ఎగిరిపడదు. ఇంత ఉపకారం చేసే పనికి పైసా ఖర్చు లేదు, వాల్వు మూత తీసి లోపలి పిన్ను నొక్కితే చాలు. బహుశా అందుకే దీన్ని ఎవరూ చెయ్యరు. అయితే పన్నెండుకు దిగువ, అందునా చక్రం పక్కకు తిప్పినప్పుడు, టైరు రిమ్మును వదిలి బయటకు వచ్చేయవచ్చు. అందుకే కవి ‘తీయుము’ అనకుండా ‘దించుము’ అన్నాడు. గాలి తీసేయడం స్నేహితులు చేసే పని. తారు రోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపాలని కవి చెప్పలేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. మెత్తటి టైరు వేగంలో పక్కలు నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి పగులుతుంది.

రెండో పాదంలో పాఠాంతరం ఉంది. ‘నూనె చూడుము’ అనే చోట కొన్ని షెడ్లలో ‘నూనె మార్చుము’ అని చదువుతారు. రెండూ భగణాలే కనుక ఛందస్సు ఏ తీర్పూ చెప్పదు. మొదటిది యజమానుల పాఠం, రెండోది మెకానిక్కుల పాఠం. ఎవరి పాఠం ఎవరికి లాభమో పాఠకులు ఊహించుకోగలరు.

ఏది సరైనదో తేలాలంటే హౌసింగు లోపల జరిగేది తెలియాలి. బండి గంటసేపు నడిచాక ఇరుసు గుండు లోపల క్రౌను, పినియను అనే పళ్ళచక్రాల ఒరిపిడికి నూనె, దానిపైన గాలి బాగా వేడెక్కి ఉంటాయి. ఆ వేడి మీద బండి చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా సంకోచిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి హౌసింగుకు బ్రీదరు అనే చిన్న ముక్కు పెట్టారు. పాత బండిలో ఆ ముక్కు బురదతో మూసుకుపోయి ఉంటుంది, లేదంటే అదే నీళ్ళలో మునిగి ఉంటుంది. అప్పుడు హౌసింగు దొరికిన చోటు నుంచి, అంటే అరిగిన సీళ్ళ సందుల్లోంచి, నీళ్ళనే లోపలికి పీల్చుకుంటుంది. పైకి ఏమీ తెలియదు. బండి నడుస్తూనే ఉంటుంది. రెండు నెలల తర్వాత వెనక నుంచి గుయ్యిమనే చప్పుడు మొదలవుతుంది. బేరింగులకు తుప్పు పట్టిందనీ, పినియను పళ్ళు అరిగిపోయాయనీ అప్పుడు తెలుస్తుంది.

కాబట్టి ‘చూడుము’ అనే పాఠమే సాధువు. ప్లగ్గు విప్పి వేలు లోపల పెట్టాలి. నూనె నల్లగానో తేనె రంగులోనో ఉంటే ప్లగ్గు బిగించేయవచ్చు. పాలు కలిపిన టీ రంగులో వేలికి అంటుకుంటే నీళ్ళు చేరినట్టే. అప్పుడు రెండో పాఠం అమల్లోకి వస్తుంది. రాత్రంతా బండి కదలకుండా ఉంటే, పొద్దున్నే కింది ప్లగ్గును కొద్దిగా వదులు చేసి చూడటం ఇంకో పద్ధతి. నూనె కన్నా నీరు బరువు కనుక కలవకుండా మిగిలిన నీళ్ళు ముందుగా చుక్కలు చుక్కలుగా దిగుతాయి. హౌసింగులో పోయవలసింది నైంటీ. నైంటీ అనగా తొంభై నంబరు గేరాయిల్. లోకప్రసిద్ధమైన ఇంకో అర్థం ఉన్నది కానీ అది ప్రకరణ విరుద్ధం, బండి నడిపేవారి విషయంలో చట్ట విరుద్ధం కూడా.

అసలు నివారణ దీనికన్నా చవక. బ్రీదరు ముక్కుకు రబ్బరు గొట్టం ఒకటి తొడిగి, దాని రెండో కొసను ఇంజను గది పై భాగానికో, వెనక లైటు వెనుకకో తెచ్చి కడితే హౌసింగు వాగులో మునిగినా గాలిని పైనుంచే పీల్చుకుంటుంది. వేలు పోసి ఇంజనుకు స్నార్కెలు గొట్టం పెట్టించుకున్న బండ్లలో ఈ కాస్త రబ్బరు గొట్టం లేనివి ఎన్నో. స్నార్కెలు అద్దం ముందు నుంచుని అందరికీ కనబడుతుంది, బ్రీదరు గొట్టం కనబడదు, తేడా అంతే.

మూడో పాదానికి వచ్చేసరికి ఈ వ్యాఖ్యాతకు కవి మీద గౌరవం ఇబ్బడిముబ్బడి అయింది. ‘కినుక లేక’ అనే రెండు మాటలు యతి కోసం పడిన మాటలని కొందరు ఆక్షేపిస్తారు. ఒక్కసారి గ్రీజు గన్ను పట్టి బండి కింద వెల్లకిలా పడుకున్నవారు అలా అనరు. ప్రొపెల్లరు షాఫ్టు చివర క్రాసు అనే కీలు ఉంటుంది, దానికి నాలుగు కప్పులు, మధ్యలో ఒక నిపిలు. గన్ను నిపిలుకు పట్టించి నొక్కుతుంటే పాత గ్రీజు నల్లగా నాలుగు కప్పుల అంచుల నుంచీ బయటికి రావాలి. మూడింటి నుంచి వచ్చి నాలుగో దాని నుంచి రాకపోతే ఆ నాలుగోది ఎండిపోయి ఉంది. అదే ముందు పోతుంది. అలాంటప్పుడు షాఫ్టు కొద్దిగా తిప్పి, కొట్టి చూసి, ఇంకా రాకపోతే క్రాసు మార్చేయాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ పైనుంచి మట్టి కళ్ళల్లో పడుతూ ఉంటుంది. కినుక సహజం. అది లేకుండా చెయ్యమంటున్నాడు కవి. వాగు దాటి వచ్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చెయ్యాలి. కొత్త గ్రీజు లోపలి నీళ్ళను బయటికి నెట్టేస్తుంది.

‘కీళ్ళకు’ అనే బహువచనంలో కింగ్ పిన్నులు కూడా చేరతాయి. ముందు చక్రం పక్కకు తిరిగేది వాటి మీదనే. జిప్సీలో ఈ కీలు ఒక గుండ్రటి గిన్నెలో, గ్రీజులో మునిగి ఉంటుంది. గిన్నె అంచుకున్న సీలు చిరిగితే గ్రీజు బయటికి, బురద లోపలికి. కొన్నాళ్ళకు బేరింగు వదులవుతుంది. అప్పుడు అరవై కిలోమీటర్ల వేగంలో ఒక చిన్న గుంట తగలగానే స్టీరింగు చేతుల్లో గడగడా వణుకుతుంది, బ్రేకు వేసి దాదాపు ఆపితే గానీ తగ్గదు. దీనికి వాబ్లింగ్ అని పేరు. చాలామంది వెంటనే స్టీరింగు డ్యాంపరు కొత్తది బిగిస్తారు. వణుకు కొన్నాళ్ళు అణుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టి ఊపి చూస్తే కింగ్ పిన్నో వీలు బేరింగో అరిగినట్టు ఆట తెలుస్తుంది. పక్కలకు పట్టి ఊపితే టై రాడ్డు ఎండ్ల సంగతి బయటపడుతుంది. రెండు నిమిషాల పని.

నాలుగో పాదం. తాడు అన్నాడు, గొలుసు అనలేదు, ఇనుప తీగ అనలేదు. కూరుకున్న బండిని లాగడానికి సాగే గుణమున్న నైలాను తాడు కావాలి. సాగి, మళ్ళీ ముడుచుకునేటప్పుడు అది బండిని మెల్లగా పైకి గుంజుతుంది. ఇనుప తీగ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. తాడుకన్నా ముఖ్యం దాన్ని తగిలించే చోటు. బంపరుకో, ట్రెయిలరు లాగే ఇనుప గుండుకో తగిలిస్తే అది ఊడి ఎవరి నెత్తినో పడుతుంది. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన కొక్కెం ఉండాలి. తాడు మధ్యలో తడి గోనె సంచి ఒకటి వేస్తే, తెగినా కిందికి వాలుతుంది. తోడు అన్నది రెండో బండి అని పైన అర్థం చెప్పబడింది. వాగు లోతు ఎంతో ముందుగా నడిచి చూసి వచ్చే మనిషి అని కూడా చెప్పుకోవచ్చు, విరోధం లేదు.

ఇక్కడ పూర్వపక్షం. “ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు గురించీ, పెద్ద టైర్ల గురించీ కవి ఒక్క మాటా చెప్పలేదేం? అవి లేకుండా ఆఫ్ రోడింగ్ ఏమిటి?” సమాధానం చెప్పబడుతోంది. కిట్టు పెట్టి బండిని రెండంగుళాలు లేపితే ఛాసిస్ లేస్తుంది, హౌసింగు లేవదు. రాయి తగిలేది హౌసింగుకే. పైగా ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరిగి, ఇంతకు ముందు గ్రీజు కొట్టిన ఆ క్రాసులే త్వరగా అరుగుతాయి. హౌసింగును నిజంగా లేపేది టైరు ఒక్కటే. 205/70 ఆర్ 15 టైరు తీసి 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం 668 మిల్లీమీటర్ల నుంచి సుమారు 733కు పెరుగుతుంది. అందులో సగమే, అంటే 33 మిల్లీమీటర్లే, హౌసింగుకు దక్కే ఎత్తు. దానికి మూల్యంగా గేర్లన్నీ పదో వంతు బరువెక్కుతాయి. స్పీడోమీటరు అరవై చూపిస్తుంటే బండి అరవై ఆరులో పోతుంటుంది. ఎత్తు ఎక్కాల్సిన చోట మొదటి గేరు చాలదు.

చట్టం సంగతి వేరే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు పేర్కొన్న మూల స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. ముందర బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కవి చెప్పిన నాలుగు పనుల్లో ఒక్కటీ ఈ సెక్షను కిందికి రాదు. ఇది యాదృచ్ఛికమా, కవి న్యాయశాస్త్రం కూడా చదివాడా అన్నది తేలలేదు.

ప్రత్యక్ష ప్రమాణం కావలసినవారు బొర్రా గుహల దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి కటికి జలపాతం వైపు రాళ్ళ దారిలో జనాన్ని మోసే పాత జీపుల్ని చూడవచ్చు. కప్పు మీద లైట్ల వరుసలుండవు. టైర్లు కొత్తవని ఎవరూ అనరు. అయినా రోజూ పోతాయి, రోజూ వస్తాయి. డ్రైవర్లు ఏ కీలు ఎప్పుడు ఎండుతుందో ఎరిగినవారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో కమాను పట్టీ, బుష్షులు, క్రాసులు కొనుక్కుంటే అయ్యే ఖర్చు, ఒక లిఫ్ట్ కిట్టు ధరలో చిన్న భాగం.

ఛందస్సు తేటగీతి. మూడో పాదంలో ‘గ్రీ’కి ‘కి’, నాలుగో పాదంలో ‘తా’కు ‘దా’ వర్గయతి. అలంకారం స్వభావోక్తి. రసం విషయంలో ఏకాభిప్రాయం లేదు: యజమానికి కరుణ, భార్యకు రౌద్రం, మెకానిక్కుకు శాంతం.

ఫలశ్రుతి. ఈ పద్యం చెప్పినట్టు నడుచుకున్న బండి పదిహేనేళ్ళు దాటినా ఫిట్‌నెస్‌కు నిలబడుతుంది. అప్పుడు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు ఫారం 25 నింపి, గడువుకు ముందు అరవై రోజుల్లోపు ఇవ్వాలి. కార్లకూ జీపులకూ 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఆలస్యమైతే నెలకు మరో 500. పాత జిప్సీ కొనదలచినవారు బేరం మొదలుపెట్టే ముందు ఆర్సీ మీద ఆ గడువు తేదీ చూసుకుని, తర్వాత ఒక టార్చిలైటు తీసుకుని బండి కింద పడుకోవలసిందని మనవి.