మేస్త్రీకీ ఒక అధిక మాసం

పంచాంగం రాసేవాళ్ల నిజాయితీ ఇంటి కాంట్రాక్టర్లకి అబ్బలేదు. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులు, సూర్యుడి లెక్కన 365. ఏటా పదకొండు రోజుల లోటు. వాళ్లు దాన్ని దాచిపెట్టలేదు, "అడ్జస్ట్ అయిపోద్ది సార్" అనీ అనలేదు. ముప్పై రెండు ముప్పై మూడు నెలలకోసారి ఒక నెల అదనంగా వేసి, దానికి అధిక మాసం అని పేరుపెట్టి, అందులో శుభకార్యాలు పెట్టుకోవద్దని ముందే చెప్పేసి లెక్క సరిచేశారు. 2026 నాటి పరాభవ నామ సంవత్సరంలో మే 17 నుంచి జూన్ 15 దాకా పడే అధిక జ్యేష్ఠం అలాంటిదే. ఆలస్యాన్ని ముందుగానే అచ్చేసి గోడకి తగిలించుకున్న జాతి మనది. తీరా ఆ గోడనే పగలగొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం "నలభై ఐదు రోజుల్లో అప్పజెప్పేస్తాను" అన్న మాట నమ్ముతాం.

ఈ నలభై ఐదు ఎక్కడినుంచి ఊడిపడిందో ఆరా తీయండి. పని ఎంతుందో చూసి కట్టిన లెక్క కాదది. డాలస్‌లో ఉన్న అమ్మాయి, అల్లుడుగారు క్రిస్మస్ సెలవులకి వస్తున్నారు. టికెట్లు కొనేశారు. ఆషాఢంలో మొదలుపెట్టకూడదు. భాద్రపదానికి ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోదు. దసరాకి చుట్టాలొస్తే ఇల్లంతా దుమ్ము బాగుండదు. ఇవన్నీ తీసేయగా మిగిలినవి నలభై ఐదు రోజులు. కూకట్‌పల్లిలో పాతికేళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, రెండు బాత్రూములు, ఒక వంటిల్లు, మొత్తం ఫ్లోరింగు అందులో ఒదగాలి. "డిసెంబరు పదిహేనుకల్లా అయిపోవాలి మేస్త్రీ" అంటాడు ఇంటాయన. "అయిపోద్ది సార్" అంటాడు మేస్త్రీ. తేదీ చెప్పింది ఇంటాయన, పూచీ పడింది మేస్త్రీ. రేపు ఆలస్యమైతే తిట్టడానికి ఒక మనిషి ఖాయమయ్యాడు కాబట్టి ఆ రాత్రి ఇంటాయనకి సుఖంగా నిద్ర పడుతుంది.

కాగితం మీద వేసే జాబితాలో పనిచేసే రోజులే ఉంటాయి, ఆరే రోజులు ఉండవు. పగలగొట్టడం మూడు, పైపులు నాలుగు, టైల్సు ఎనిమిది అని కూడుకుంటూ పోతే చివర్లో రెండు రోజులు మిగులుతాయి కూడా. సిమెంటుకి మాత్రం డాలస్ విమానం సంగతి తెలియదు. వంటింటి గట్టుకి కొత్త స్లాబు పోస్తే, మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఫ్లై యాష్ కలిసిన పీపీసీ సిమెంటుకి పది రోజులు తడి ఆరకుండా చూడాలని ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ పూర్తిగా ఆరి రంగు పట్టే స్థితికి రావాలంటే దాదాపు నెల ఆగమని రంగులు అమ్ముకునేవాళ్లే అంటారు. ఆగకుండా లప్పం పెట్టేసి రంగేస్తే గోడ అప్పటికి ఊరుకుంటుంది. వానాకాలం వచ్చాక పొక్కులు పొక్కులుగా మాట్లాడుతుంది.

బాత్రూము ఇంకా మొండిది. పాత టైల్సు తీసి, గోడలకి గాడి కొట్టి, పైపులు దింపి, వాటికి ప్రెషర్ పెట్టి చూసి, ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ ఒక పూత, అది ఆరాక రెండో పూత. అప్పుడు తూములు మూసేసి గది నిండా నీళ్లు నిలబెట్టాలి. రెండు మూడు రోజులు అలా వదిలేసి, కింది ఫ్లాటు వాళ్లింటికెళ్లి వాళ్ల సీలింగు కేసి చూసి రావాలి. ఇంటి పనుల్లో ఇంతకంటే చవకైన పరీక్ష ఇంకోటి లేదు, నీళ్లే కదా ఖర్చు. షెడ్యూలు బిగిసినప్పుడు మొదట ఎగిరిపోయేదీ ఇదే. "రెండు పూతలు కొట్టాం సార్, ఏం కాదు." నిజమే, ఇంటాయనకి ఏమీ కాదు. అయ్యేది కింది ఫ్లాటు వాళ్లకి.

ఎవరూ కనిపించని రోజున ఇంటాయన ఫోను చేస్తాడు. "ఇవాళ మనుషులు రాలేదేంటి మేస్త్రీ?" "ఆరాలి కదా సార్." ఈ మాట అబద్ధమని ఇంటాయన అనుమానం. అబద్ధం కాదు, అక్కడే ఉంది చిక్కు. ఇక్కడ గోడ ఆరుతున్న మూడు రోజుల్లో మేస్త్రీ మియాపూర్‌లో ఇంకొకరి గోడ పగలగొట్టేశాడు. ఇక్కడ ఆరింది, అక్కడ పగిలింది. ఇప్పుడు అక్కడివాళ్లు ఫోను చేస్తున్నారు. మేస్త్రీ మోసగాడై ఇలా చెయ్యడు. శనివారం వస్తే కూలీలకి డబ్బులివ్వాలి. మీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు నిజాంపేట ఇంట్లో టైల్సు వేసినవాళ్లకి పోయింది. మీ టైల్సు వేసేవాళ్లకి డబ్బు రావాలంటే ఇంకొకరు అడ్వాన్సు ఇవ్వాలి. ఆ ఇంకొకరు దొరికేదాకా మీ ఇంట్లో ఇసక బస్తాల మీద పిల్లి పడుకుంటుంది.

దసరా తర్వాత మొదలుపెట్టామన్న తెలివికీ ఒక ఫలితం ఉంది. పెయింటర్లు బీహార్ వాళ్లు. దీపావళి తర్వాత ఆరో రోజు ఛఠ్. ఆ పండక్కి సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కినవాళ్లు పండగ కాగానే వచ్చేస్తారనుకునే ఇంటాయన, సంక్రాంతికి తాను భీమవరం వెళ్తే ఎన్నాళ్లుంటాడో గుర్తుచేసుకోడు. ఛఠ్ నుంచి వాళ్లు తిరిగొచ్చేసరికి శ్రీకాకుళం తాపీమేస్త్రీకి చెల్లెలి పెళ్లి. మన పండగలు మనకి పవిత్రం, వాళ్ల పండగలు మనకి డిలే.

ఇక అసోసియేషన్. డ్రిల్లింగు ఉదయం పది తర్వాతే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పెద్దవాళ్ల కునుకు. ఆదివారం అసలే వద్దు. లిఫ్టులో సిమెంటు బస్తాలు ఎక్కించకూడదు. ఈ రూల్సు రాసిన కమిటీలో మన ఇంటాయన కూడా సభ్యుడే, పై ఫ్లాటు వాళ్లు పని పెట్టుకున్నప్పుడు పట్టుబట్టి రాయించాడు. ఎనిమిది గంటల పనిదినం అలా అయిదుకి దిగింది. జాబితాలో మాత్రం ఇంకా ఎనిమిదే ఉంది.

ఇంతదాకా అందరి తప్పులూ లెక్కపెట్టాం కాబట్టి, పనిలో అందరికంటే నెమ్మదైన మనిషిని వదిలేస్తే అన్యాయం. ఆయన ఇంటాయనే. ఇంటావిడకీ వాటా ఉంది. గుజరాత్‌లోని మోర్బీలో టైల్సు ఎన్ని రకాలు తయారవుతాయో అన్నీ చూశాకే ఒకటి ఎంచాలని ఇద్దరూ శపథం పట్టారు. గోడ పగలగొట్టాక షాపులు తిరగడం మొదలుపెట్టారు. ఎంచిన టైలు స్టాకులో లేదు. స్టాకులో ఉన్నది వదినగారింట్లో ఉన్నదే, అందుకని వద్దు. మాడ్యులర్ కిచెన్ వాళ్లు గట్టూ గోడ టైల్సూ పూర్తయ్యాక గానీ కొలతలు తీసుకోరు, తీసుకున్నాక నెలా నెలన్నర అంటారు. ఈ ఒక్క వాక్యం నలభై ఐదు రోజుల షెడ్యూలుని ఒంటిచేత్తో చంపగలదు. అయినా ఎవరూ దాన్ని మొదటి రోజు అడగరు.

వాస్తు కూడా అంతే. ముందు అడిగితే నష్టమేమీ లేదు, కానీ వాస్తు తెలిసిన బాబాయిగారు ఎప్పుడూ అంతా బిగించాకే వస్తారు. కాఫీ తాగి, జేబులోంచి దిక్సూచి తీసి, "ఈశాన్యంలో ఇంత బరువేంట్రా?" అంటారు. రెండు రోజులు కష్టపడి కట్టిన అటక గంటలో దిగుతుంది. "ఇల్లు కట్టి చూడు" అన్న పెద్దలు, కట్టిన ఇంట్లో ఉంటూనే దాన్ని పగలగొట్టి చూడమని మాత్రం అనలేదు. ఎవరి మీదా వాళ్లకి అంత కసి లేదు.

ఈ జబ్బు కూకట్‌పల్లిది మాత్రమే అనుకోనక్కర్లేదు. మనుషులు తమ పనికి పట్టే కాలాన్నీ ఖర్చునీ తక్కువగా అంచనా వేసుకుంటారని డానియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. వంటిళ్లు మార్చుకున్న అమెరికన్ల మీద 2002లో జరిగిన ఒక సర్వేని కానెమన్ తర్వాత తన పుస్తకంలో చెప్పాడు. వాళ్లు సగటున 18,658 డాలర్లు అవుతుందనుకున్నారు, అయింది 38,769. డాలస్ అమ్మాయికి ఈ లెక్క చెబితే ఆశ్చర్యపోదు. మందు కూడా కానెమనే చెప్పాడు. నీ పని గురించి నువ్వు ఊహించుకోవద్దు, అలాంటి పని చేయించుకున్న మిగతావాళ్లకి ఎంత పట్టిందో చూడు. ఆ మందు మన దగ్గర పనిచెయ్యదు. మూడో ఫ్లాటు వాళ్లకి ఏడు నెలలు పట్టిందని మనకి తెలుసు, రోజూ వాళ్ల దుమ్ము తిన్నాం. అయినా దాన్నుంచి తీసే నీతి ఒక్కటే: "వాళ్లకి పని చేయించుకోవడం రాదు."

ఈ జబ్బు కొత్తదీ కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన వికారుల్ ఉమ్రాకి హైదరాబాదు ప్రధానమంత్రి పదవి వచ్చింది గానీ, పనికి పట్టే కాలాన్ని ముందే లెక్కగట్టే తెలివి రాలేదు. 1884లో మొదలైన ఆ భవనానికి తొమ్మిదేళ్లు పట్టింది. అప్పులయ్యాయి. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. వికారుల్ ఉమ్రా మేస్త్రీలు ఎన్ని రోజులన్నారో చరిత్ర చెప్పదు. నలభై ఐదు అనే అని ఉంటారని నా నమ్మకం.

నిజమైన షెడ్యూలు వేసుకోవడం చేతకాని విద్య కాదు. టైల్సు, కుళాయిలు, సింకు, రంగు అన్నీ ఎంచి, డబ్బు కట్టి, సరుకు ఇంటికొచ్చాకే మొదటి సుత్తి దెబ్బ. బాబాయిగారి కాఫీ కూడా దానికి ముందే. రెండు బాత్రూములూ ఒకేసారి పగలగొట్టకుండా ఒకటి అయ్యాక ఒకటి. దీన్ని పాటించనివాళ్లు తెల్లవారుజామున చెంబుతో పక్క ఫ్లాటు బెల్లు కొట్టవలసి వస్తుంది, అప్పుడు గౌరవం షెడ్యూలులో ఉండదు. డబ్బు పని దశల్ని బట్టి ఇవ్వాలి, చివరి పదోవంతు చివరి తలుపు గడియ పడ్డాకే. ఆరే రోజుల్ని పనిరోజులుగా రాసుకోవాలి. ఇదంతా కలిపితే వచ్చిన మొత్తం కింద ఒక నెల, పేరు దాచకుండా, అధిక మాసం అని రాసి గోడకి అతికించాలి. అలా చేస్తే నాలుగున్నర నెలలు వస్తుంది.

ఆ మాట అన్న మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఇంటాయన ఆయన్నీ పిలిచాడు. "నాలుగున్నర నెలలవుద్దండి, ఇంకా ఎక్కువే అవ్వొచ్చు" అన్నాడట. "అంత స్లో మనకి కుదరదు" అని టీ ఇచ్చి పంపేశాడు ఇంటాయన. ఇప్పుడు ఫిబ్రవరి. అమ్మాయి వచ్చి, హోటల్లో ఉండి, వెళ్లిపోయింది. ఒక బాత్రూముకి తలుపు లేదు, వంటింటికి సింకు లేదు. నలభై ఐదు రోజుల మేస్త్రీ ఫోను స్విచాఫ్. నెంబరు వెతికి ఆ నాలుగున్నర నెలల ఆయనకే ఫోను చేశాడు. ఆయన ఖాళీగా లేడు. ఇలాగే సగంలో ఆగిపోయిన ఇళ్లు తొమ్మిది చేతిలో ఉన్నాయి, ఉగాది తర్వాత వచ్చి చూస్తానన్నాడు.