పస లేదండీ!

నాడి చూసి రోగం చెప్పే వైద్యులు ఒకప్పుడు ఉండేవారట. కట్ట విప్పకుండానే కేసు చచ్చిపోయిందని చెప్పగల ప్లీడర్లు ఇప్పుడూ ఉన్నారు. గజపతినగరం కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఈ సంభాషణ ఊహించుకోండి.

"బాబూ, మా గుంటడి అప్పీలు ఏటయ్యింది?"

"పస లేదమ్మా."

"కాయితాలు సదివేరా బాబూ?"

"పస లేనిదానికి చదవడం దేనికమ్మా!"

ఈ తర్కానికి తిరుగులేదు. గుంటడు విశాఖ సెంట్రల్ జైల్లో ఉంటాడు, హైకోర్టు అమరావతిలో ఉంటుంది, తల్లికి చదువు రాదు. ఇక అడిగేదెవరు?

1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్, కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ప్లీడరును ఉచితంగా ఇమ్మంది. 13వ సెక్షను మాత్రం కేసులో ప్రాథమికంగా విషయం ఉందని న్యాయసేవల సంస్థ నమ్మాలంది. సంస్థ నమ్మాలంది గానీ, టీ తాగుతూ ప్లీడరుగారిని తేల్చేయమనలేదు.

అమెరికావాళ్లు మరీ చాదస్తులు. కాలిఫోర్నియాలో ఆండర్స్ అనే ముద్దాయికి కోర్టు ఇచ్చిన ప్లీడరు, అప్పీలులో పస లేదని ఉత్తరం ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు. 1967లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది. తప్పుకుంటానంటే తప్పుకో, కానీ ముందు రికార్డంతా చదువు, వాదించడానికి ఏ కొంచెం వీలున్నా ఆ అంశాలు రాసిపెట్టు, ముద్దాయికి ఒక ప్రతి ఇవ్వు, పస సంగతి మేం చూసుకుంటాం అంది. పని ఎగ్గొట్టడానికి కూడా పని చెయ్యాలన్నమాట! ఇలాంటి కష్టం పగవాడికి కూడా వద్దు. మన దగ్గరైతే వాయిదాకు రాకపోతే సరిపోతుంది.

మన సుప్రీంకోర్టు మాత్రం తక్కువ తిన్నదా? ప్లీడరు రాలేదని అప్పీలు కొట్టెయ్యకూడదు, రికార్డు చూసే తీర్పివ్వాలని 1996లో బానీ సింగ్ కేసులో చెప్పింది. అంటే జడ్జిగారికి చదువు తప్పదు, ప్లీడరుగారికే సెలవు. 2019లో అనోఖీలాల్ కేసులో, ఉరిశిక్ష పడ్డ మనిషికి ప్లీడరును నియమించిన రోజే అభియోగాలు మోపారని శిక్ష రద్దు చేసి, మళ్లీ విచారించమంది. అలాంటి కేసుల్లో సిద్ధపడడానికి కనీసం 7 రోజులు ఇమ్మంది. ఏడు రోజులూ చదవడానికే సుమా!

పస లేని అప్పీళ్లు లేవని ఎవరూ అనరు. లేని వాదాన్ని పుట్టించమనీ ఎవరూ అడగరు. సంస్థ ఇచ్చే ఫీజు చిన్నదన్నదీ నిజమే. కానీ లుబ్ధావధాన్లను కేసులోంచి గట్టెక్కించడానికి పూనుకున్న ప్లీడరు సౌజన్యారావు పంతులును విజయనగరం గురజాడ తన కన్యాశుల్కం నాటకంలో నిలబెట్టాడు. ఆ ఊరి పక్కనున్న గజపతినగరం ప్లీడర్లకు ఫీజు సాకు చెప్పడం అంత శోభించదు.

కాబట్టి అమ్మా, "పస లేదు" అంటే ఊరుకోకు. ఎందుకు లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మను. ఇవ్వకపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి వేరే ప్లీడరును అడుగు. పస లేదని చెప్పే హక్కు చదివినవాడికే ఉంది.